చెవిలో చెప్పిన మాట

“చేతులూపే ఉద్యోగానికే ఇంత అలసటైతే, బరువులు మోసేవాళ్ళేమైపోవాలి?” అన్నాడు భర్త, ఆమె దుప్పటి సగం పిండి, మణికట్టు పట్టుకుని ఆగిపోతే. రెండో కొస పట్టుకోవచ్చు కదా అని పైకి అనలేదు ఆమె. ఆమె సైగల దుబాసీ. వినపడనివాళ్ళకి మన మాటల్ని చేతులతో చెబుతుంది, వాళ్ళ సైగల్ని నోటితో పలుకుతుంది. ఇంట్లోనూ అదే పని, జీతం మాత్రం లేదు. అత్తగారూ భర్తా ఒకే గదిలో కూర్చుని, “డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని వాడితో చెప్పమ్మా” అని ఆవిడ, “ఆదివారం చూద్దామని చెప్పు” అని ఈయన. ఇద్దరికీ చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. మాట కాస్త అటూ ఇటూ అయితే తిట్లు దుబాసీకే.

ఆమె పనికి ఒక పద్ధతుంది. ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి. ఒకరు కాసేపు చెప్పి చేతులు దించితే, రెండోవారు అందుకోవాలి. వినడం, అర్థం చేసుకోవడం, దాన్ని చేతుల్లోకీ ముఖంలోకీ తేవడం అన్నీ ఒకేసారి జరగాలి. బుర్ర అలసిపోతే చేతులు వాటంతటవే అబద్ధాలాడతాయి. జోడీగా వచ్చే అమ్మాయి మానేశాక మేనేజరు ఇంకెవర్నీ పెట్టలేదు. “మీరొక్కరే పదిమంది పెట్టు మేడమ్” అన్నాడు. పొంగిపోయింది, దాచడమెందుకు? ఇంట్లో ఎవరూ అనని మాట మరి. మునగచెట్టు ఎక్కించారని తెలిసేసరికి చాలా ఎత్తుకి వెళ్ళిపోయింది. లేవగానే ఆఫీసు గుర్తొచ్చి, ప్రాణంగా చూసుకున్న పనిమీదే విసుగు రావడం ఈమధ్య రోజూ ఉన్నదే.

ఆ రోజు ఆసుపత్రి హాల్లో షుగరు జబ్బు మీద సభ. హాలు నిండా వినపడనివాళ్ళే. డాక్టరుగారు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నారు. మధ్యాహ్నానికి ఆమె భుజాలు రాళ్ళయ్యాయి. “ఈ సూది వేసుకున్నాక తప్పకుండా తినాలి” అన్నారాయన. ఆమె చేతులు “తినకూడదు” అన్నాయి. ముందు వరసలో ఉన్న దర్జీ తలూపి, పక్కనున్న భార్యకి అదే సైగ చేసి చూపించాడు. తన తప్పుని అతని చేతుల్లో చూసింది ఆమె.

వెంటనే డాక్టరుగారిని ఆపింది. తప్పు చెప్పానని ఒప్పుకుని, సూది తర్వాత తినాలని మళ్ళీ మళ్ళీ సైగ చేసి, దర్జీ భార్య కూడా సరిగ్గా చేసి చూపించాక కుర్చీలో కూర్చుండిపోయింది.

మేనేజరు పరుగున వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. “ఎందుకు మేడమ్ ఈ గొడవ? ఏదో ఒకటి ఊపి కానిచ్చెయ్యండి. తప్పో ఒప్పో వాళ్ళకేం తెలుస్తుంది?”

దుబాసీలకి ఇంకో నియమం ఉంది. వినపడనివాళ్ళ ఎదుట పలికిన మాటేదైనా వాళ్ళకి చేరాల్సిందే, గుసగుసైనా సరే. భర్త మాటల్లో కారం తీసి అత్తగారికి చేరవేయడం అలవాటైన మనిషి ఆమె. ఈ మాటలోంచి మాత్రం ఏమీ తియ్యలేదు. లేచి నిలబడి, మేనేజరు వంగడంతో సహా మొత్తం సైగ చేసింది.

హాలంతా భగ్గుమంది. దర్జీ లేచాడు. అతని చేతులు నిదానంగా, కోపంగా కదులుతుంటే ఆమె గొంతెత్తి పలికింది: “మాకు తెలుస్తుంది. ఇదివరకు ఇద్దరొచ్చేవారు. ఈవిడకి తోడు మనిషి కావాలి. వచ్చేదాకా మేం ఇక్కడే కూర్చుంటాం.”

తనకోసం తాను ఏనాడూ అడగలేకపోయిన మాట అది. ఇంకొకరి మాటగా వచ్చినా గొంతులో నిండుగా ఉంది. ఈ మనుషుల కోసమే కదా నేను పనిచేస్తున్నది అనుకుంది. గర్వంతో నడుం దానంతటదే నిటారైంది.

మేనేజరు ఆమెవైపు తిరిగాడు. “వాళ్ళ సంగతి సరే మేడమ్. మీరేమంటారు?”

సభలో దుబాసీ తన సొంత మాట చెప్పకూడదు. ఆమె చెప్పింది, నోటితోనూ చేతులతోనూ.

“నా పనంటే నాకు ప్రాణం సార్. అందుకే ఇక ఒక్కదాన్నే చెయ్యను.”