పక్కన మనిషి లేని దీపం

ఎవరూ చూడని దీపం భక్తి అవుతుందా, చమురు దండగ అవుతుందా? ఈ సందేహం కూర్మారావుని ఏళ్ల తరబడి వదల్లేదు. భార్య హేమ పెద్ద జబ్బు నుంచి లేచినప్పుడు, పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా సింహాద్రి అప్పన్నకు ఆరని దీపం పెడతానని మొక్కుకున్నాడు. సందేహం అడ్డుపడి ఆ మొక్కు అలాగే ఉండిపోయింది.

హిందీ నేల మీది సోనారిలో, తెలుగు సంఘం హాల్లో ప్రతి ఆదివారం కంప్యూటర్ మీద కదిలే బొమ్మలు వేసే పిల్లలకు అతను పాఠం చెబుతాడు. కరెంటూ యంత్రాలూ వృథా కాకుండా పని చేయడమెలాగన్నదే పాఠం. ముందు చిన్న సైజులో తీసి చూసుకోండి, సరిగ్గా ఉంటేనే పెద్దది తియ్యండి అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఈ వారం కూడా చెవిన పెట్టకపోతే ఇక మానేస్తానని హేమతో చెప్పి మరీ బయల్దేరాడు.

హాలు తలుపు తీసేసరికి ఏసీ చలి ముఖాన కొట్టింది. మూడు కంప్యూటర్లూ గుయ్యిమంటున్నాయి. మనిషి జాడ లేదు. చవితి మండపంలో పెద్ద తెర మీద ఆడించాల్సిన వినాయకుడి బొమ్మ పెద్ద సైజులోనే రాత్రంతా తయారవుతూనే ఉంది.

కాసేపటికి శిష్యులు యోగిత, బలరామ్ టీ తాగి వచ్చారు. బొమ్మ తెరిచారు. గణపతి నాట్యం ముచ్చటగానే ఉంది గాని, తొండం కుడికి తిరిగి ఉంది. వేసేటప్పుడు వంకరలు తెలియడానికి బొమ్మను అద్దంలోలా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పడం మరిచిపోయారు. కుడి తొండం స్వామికి నిష్ఠ ఎక్కువ, పూజలో నియమం తప్పకూడదు. మండపంలో పెద్దలు ఒప్పుకోరు.

"ఫిర్ సే? మళ్ళీ మొదట్నించా?" అంటూ బలరామ్ నెత్తి పట్టుకున్నాడు.

"నాను సెప్పిందేటి, మీరు సేసిందేటి? సిన్నది తీత్తే అర నిమిషంలో తెలిసిపోను గదా! ఈ కరెంటుకి ఎంత బొగ్గు కాలిపోనాదో!" అన్నాడు కూర్మారావు.

యోగితకు రోషం వచ్చింది. "దసరాకి ఇదే హాల్లో అఖండదీపం రాత్రంతా ఎలగలేదేటి మాష్టారూ? అదైతే పున్నెం, మాదైతే దండగా?"

కూర్మారావు సందేహమే ఈ పిల్ల నోట పలికింది. అతను అప్పుడు దీపం పెట్టిన మూలకేసి చూశాడు. పక్కింటి సన్యాసమ్మ అక్కడే చాప వేసుకుని, కునుకు వస్తే ముఖం కడుక్కుని, ఒత్తి ఎగదోస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది.

"దాని పక్కన సన్యాసమ్మ కూకుంది. మీ దాని పక్కన ఎవులు కూకున్నారు?"

"మచ్ఛర్ థే, సర్. దోమలే," అన్నాడు బలరామ్.

కూర్మారావుకి నవ్వు రాలేదు. యోగిత మూతి ముడుచుకునే బొమ్మను తిప్పి, చిన్న సైజులో తీసింది. తొండం ఎడమకు వచ్చింది, ఎలుక మాత్రం తెర బయటికి పోయింది. దాన్నీ సరిచేసి, మళ్ళీ చిన్నదే తీసింది. బలరామ్ రెండు కంప్యూటర్లు ఆపాడు. ఏసీ సంగతి ఎవరికీ పట్టలేదు. కూర్మారావే లేచి కట్టేస్తూ, వచ్చే ఆదివారం కూడా తగలడాలి కాబోలని గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా అప్పన్న పటం ముందు ప్రమిద వెలిగించి, నూనె గిన్నె దగ్గర పెట్టుకుని, చాప పరుచుకున్నాడు.

"ఇన్నాళ్లకి గేపకమొచ్చినాదేటి?" అంది హేమ.

"మొక్కు గేపకమే. పక్కన కూకోవాలనే తోచలేదు."

పొద్దు గుంకేదాకా అతను అక్కణ్ణించి లేవలేదు.