పంతొమ్మిదో అధ్యాయంలో, వంతెన మీద నేను

చనిపోయిన మనిషిని బతికించుకోవడానికి యుద్ధాన్నే మొదటికి తిప్పుకోవడం దయ అవుతుందా, దొంగాట అవుతుందా? ఆరేళ్ళుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. జపాన్‌లోని తొనామిలో, గదుల్లో నేలంతా పరిచే తతామి చాపలు కుట్టుకుని బతికేవాణ్ణి. ఉదయం అమిదా బుద్ధుడి ముందు కూర్చుని స్తోత్రం చదవనిదే అన్నం ముట్టను. నా భార్య మిసావో కూడా నా పక్కనే కూర్చుని చదువుతుంది. చదవడం అవగానే అదే గదిలో, అదే చాప మీద, అరచేతిలో ఇమిడే గేమ్ మెషిన్ తెరిచి సైన్యాన్ని నడిపిస్తుంది.

డ్రాగన్లు, మంత్రగాళ్ళు, కూలిపోయిన రాజ్యాలు ఉండే ఆట అది. యుద్ధభూమి అంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మనవాళ్ళను ఒక్కొక్కరినే జరపాలి, ఆ తరవాత శత్రువు వంతు. తొందరేమీ లేదు. పొయ్యి మీద ముల్లంగి ఉడికేదాకా ఆగమంటే శత్రువు ఆగుతాడు. ఇంత మర్యాద తెలిసినవాడు మా వీధిలో ఒక్కడూ లేడని మిసావో అంటుంది. అయితే ఒక్క నియమం మాత్రం కఠినం. అందులో చచ్చినవాడు మళ్ళీ రాడు. అందుకని ఎవరైనా చస్తే ఆవిడ ఆడింది దాచకుండా మెషిన్ ఆపేసి, ఆ యుద్ధాన్ని మొదటినుంచి ఆడుతుంది. రెండు గంటల శ్రమ బూడిదైనా సరే. ఇదేం పద్ధతని అడిగితే, కోత తప్పిన చాపను పక్కన పడేసి మీరు ఇంకోటి కోయరా అని నన్నే అడిగింది.

గుడికి వెళ్ళి గురువుగారిని అడిగాను. ఆయన నాకు కూడా టీ పోశారు. ఎవరినీ విడిచిపెట్టనన్నదే కదా అమిదా ప్రతిజ్ఞ, మీ ఇల్లాలి పట్టుదలను తప్పనడానికి నాకు నోరు రావడం లేదు అన్నారు. తరవాత గొంతు తగ్గించి, ఆవిడ ఎన్నో అధ్యాయంలో ఉందని అడిగారు. పదిహేడని చెప్పాను. పంతొమ్మిదిలో వంతెనకు ఉత్తరాన ఉన్న బురుజులో మంత్రగాళ్ళు దాక్కుని ఉంటారు, చూసుకోమనండి అన్నారు. ధర్మం తెలుసుకుందామని వెళ్ళినవాణ్ణి వేగుల కబురు మోసుకుని ఇంటికి వచ్చాను.

ఆ ఆటలో సైనికులకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. మిసావో తన ఇరవై నలుగురిలో ఇద్దరికి తప్ప అందరికీ గుడి మహిళా సంఘం వాళ్ళ పేర్లే పెట్టింది. చేపలమ్మే ఎబాతగారు గుర్రం మీద వెళుతుంది, పోస్టాఫీసావిడ విల్లు పడుతుంది. గాయాలు మాన్పే వైద్యురాలు, పోయిన మా అమ్మ. మా అమ్మ బతికుండగా కోడలికి ఒక్కనాడూ మందు కాచి ఇవ్వలేదు. ఇక్కడైనా అందరికీ సేవ చేయనివ్వండి అంటుంది మిసావో. ఇనప కవచం తొడుక్కుని కోట వాకిట్లో నిలబడే లావుపాటి భటుడి పేరు కియొత్సుగు. అది నా పేరే.

ఒక గడి కదలడానికి కూడా ఆలోచిస్తాడు, కానీ వాకిట్లో నిలబెడితే ఎవడూ లోపలికి రాలేడని దానికి మిసావో ఇచ్చిన వివరణ. నన్ను పొగిడిందో వెక్కిరించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆట ముగిశాక, బతికి బయటపడ్డ ప్రతివాళ్ళ గురించీ రెండు వాక్యాలు వస్తాయట. వాళ్ళు తరవాత ఎక్కడికి వెళ్ళారు, ఎలా స్థిరపడ్డారు అని. గుడిలో జరిగే నవంబరు పూజ రోజున భోజనాలయ్యాక అవి అందరికీ చదివి వినిపిస్తానని మిసావో సంఘానికి మాటిచ్చింది. ఆడవాళ్ళు వీధిలో ఎదురైనప్పుడల్లా, నేనింకా ఉన్నానా అని అడిగేవారు. అందరూ ఉన్నారని గర్వంగా చెప్పేది.

పూజకు తొమ్మిది రోజులున్నాయనగా ఆవిడ వంట ఏర్పాట్లకు గుడికి వెళ్ళింది. మధ్యాహ్నం టీ వేళకు నేనొక్కణ్ణే ఉన్నాను. మెషిన్ బల్ల మీద ఉంది. తెరిచి చూస్తే పంతొమ్మిదో అధ్యాయం, నది, వంతెన. నేను ఎప్పటిలాగే అందరికన్నా వెనక, గుమ్మం దగ్గర. ఎందుకో రోషం వచ్చింది. నన్ను నేను ముందుకు జరిపాను, మళ్ళీ జరిపాను, వంతెన మధ్యకు తెచ్చి నిలబెట్టాను. ఉత్తరపు బురుజులోంచి ముగ్గురు మంత్రగాళ్ళు బయటికి వచ్చారు. కవచం కత్తికి ఆగుతుంది గానీ మంత్రానికి ఆగదని నాకప్పుడే తెలిసింది.

కంగారుగా ఆపబోతే, ఇంతవరకూ ఆడింది దాచమంటారా అని మెషిన్ అడిగింది. మా పనిలో ప్రతి చాపా గదిలో తన చోటుకు తగ్గట్టు కోసి ఉంటుంది. చాప వెనక ఏ చోటిదో గుర్తు వేయకుండా పని వదిలి లేస్తే గదంతా తారుమారవుతుంది. నలభై ఏళ్ళ అలవాటు. దాచమన్నాను.

మిసావో సాయంత్రం చేమదుంపల బుట్టతో వచ్చింది.

"మిసావో, నన్ను నేనే చంపేసుకున్నాను," అన్నాను.

ఆవిడ బుట్ట కింద పెట్టింది. "ఎక్కడండీ?"

"వంతెన మీద."

"ఒక్కరే వెళ్ళారా? పక్కన అత్తయ్యగారిని కూడా పెట్టుకోలేదా?"

"లేదు."

"సర్లెండి, ఆపేసి మళ్ళీ ఆడతాను."

"సేవ్ చేశాను."

ఆవిడ తడిసిన గోడను చూసినట్టు నన్ను చూసింది. ఆవిడ దాచుకునేది ఎప్పుడూ ఒకే చోట. పాతది పోయి, నేను చచ్చినదే మిగిలింది. ఆటంతా మొదటినుంచి ఆడాలంటే నాలుగు నెలలు పడుతుంది. మెషిన్ ఒళ్ళోకి తీసుకుంది. తరవాత నేను లేకుండానే ముందుకు సాగింది. ఆ తొమ్మిది రోజులూ అన్నాలప్పుడు నాకు వార్తలు అందేవి. వాకిట్లో ఎవరూ లేరు, అత్తయ్యగారు మందుల సంచితో పరుగులు పెడుతున్నారు, ఎబాతగారి గుర్రం కుంటుతోంది. నేను తలవంచుకుని సూపు తాగేవాణ్ణి.

పూజ రోజున ఆవిడ చదివింది. ఎబాతగారు సముద్రం ఒడ్డున గుర్రాలు పెంచింది. మా అమ్మ వైద్యశాల కట్టించి, చివరిదాకా అందరినీ ప్రేమగా చూసుకుంది. ఇది విని రెండు మూడు దగ్గులు వినిపించాయి. చివరగా నా వంతు, ఒక్కటే వాక్యం. కియొత్సుగు, పంతొమ్మిదో అధ్యాయంలో వంతెన దగ్గర మరణించాడు. ఆడవాళ్ళు చేతులతో నోళ్ళు మూసుకున్నారు. పోస్టాఫీసావిడ నా వైపు తిరిగి చేతులు జోడించి బుద్ధనామం జపించింది. నేను వంగి కృతజ్ఞతలు చెప్పుకోవలసి వచ్చింది. గురువుగారు మాత్రం, బురుజు సంగతి ముందే చెప్పానుగా అన్నారు.

ఇంటికి నడుస్తూ, ఆ ఒక్క ఎత్తు వెనక్కి తీసుకోగలిగితే బాగుండేదని అన్నాను.

"మీకైతే ఇదివరకే ఒకటి ఇచ్చానండీ. నాది మాత్రం మీ దగ్గరే ఉండిపోయింది," అంది మిసావో.

నాకు గుర్తుంది. మా పెళ్ళైన మొదటి శీతాకాలం, మంచు కిటికీల దాకా పేరుకున్న రోజుల్లో ఇద్దరం షోగి, అంటే మా చదరంగం, ఆడాం. నా రథం చిక్కుకుపోతే ఒక్క ఎత్తు వెనక్కి ఇమ్మని బతిమాలాను, నీకూ ఒకటి ఇస్తానని మాటిచ్చాను. ఆవిడ ఇచ్చింది. కాసేపటికి తనకు అవసరమై అడిగితే, పెట్టిన పావు పెట్టినట్టే అన్నాను. ఆ తరవాత ముప్పై రెండేళ్ళు నాతో ఆడలేదు. మరిచిపోయిందనే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అటక మీంచి షోగి పలక దించి, దుమ్ము తుడిచి, ఆవిడ ముందు పెట్టాను. ఎదురుగా కూర్చుని పావులు పేర్చింది. ఆవిడ ఆట మారిపోయింది. ఏ పావునూ ఒంటరిగా పంపడం లేదు. ప్రతిదానికీ పక్కన ఇంకొకటి కాపలా ఉంది. చెమట తుడుచుకుంటూ ఆడాను. చాలాసేపటికి ఆవిడ వెండి సేనాని అనే పావును ఒక గడి మూలగా జరిపింది. తప్పు ఎత్తు. నా చెయ్యి అప్పుడే దాని మీదికి వెళ్ళింది.

"ఆగండి," అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ తొందరపడకుండా పావును ఎత్తి, పాత గడిలో ఉంచి, టీ ఒక గుక్క తాగి, మళ్ళీ ఎత్తి ఇంకోచోట పెట్టింది.

"ఇప్పుడు మీ వంతు," అంది.