చివరి పూత

నారాయణఖేడ్ దాటి సిర్గాపూర్ పోయే దారిలో గుట్ట మీద ఉన్న పాత కోటను హోటల్ చేశారు. గేటు పక్కన నల్లరాతి పలక పెట్టి, కోట కట్టించినవాడి పేరూ బాగు చేయించినవాడి పేరూ చెక్కించారు. కట్టినవాళ్ల పేర్లకు రాయి సరిపోలేదు కాబోలు. రెండేళ్లు అక్కడ సున్నం పని చేసిన లాజరు మేస్త్రీ పేరు కూడా లేదు. దానికి బదులు హోటల్ తెరిచిన రోజు పిలిచి శాలువా కప్పబోయారు.

లాజరు వద్దన్నాడు. "ఎండకాలంల శాలువా ఏం జేసుకుంట సారూ. మా ఇంటామెను తీసుకొచ్చి ఒక్క దినం మీది అంతస్తు గదిల ఉంటం. గంతే."

చుట్టూ ఫొటోలు తీస్తున్నారు. యజమాని కాదనలేక నవ్వి, వానలు పడ్డాక రమ్మన్నాడు.

లాజరు అడిగింది దర్జా కోసం కాదు. ఆ గదిలో ఒక గోడ ఉంది. దాన్ని భార్య అమృతమ్మ ఒక్కసారి చూడాలి. అదే వాడి కోరిక.

గోడ సంగతి ఇది. బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి గానుగలో నూరిన సున్నం, ఒకదాని మీద ఒకటి ఐదు పూతలు. చివరి పూతలో గుడ్డు తెల్లసొన కలుస్తుంది. అది తడిగా ఉండగానే నున్నటి రాయితో రుద్దడం మొదలుపెట్టాలి. గోడ అద్దమయ్యేదాకా చెయ్యి ఎత్తకూడదు. మధ్యలో ఆపితే ఆపినచోట గీత పడుతుంది. ఆ గీత మళ్లీ ఎన్నేళ్లు రుద్దినా పోదు.

సగం గోడ అయ్యేసరికి ఫోన్ వచ్చింది. కల్హేర్‌లో అమృతమ్మ తండ్రి యోసేపు పోయాడు, సమాధి నాలుగింటికి. బండి మీద అరగంట దారి. మూడింటికల్లా పని అయిపోతుంది, పోదాంలే అనుకున్నాడు లాజరు. ఆరయింది. పెద్దల్లుడు లేకుండానే పెట్టె దించారు, తలా పిడికెడు మట్టి వేశారు. "ఏమే, నీ మొగనికి మామ కంటె గోడ ఎక్కువైందా?" అని చుట్టాలు అందరి ముందూ అమృతమ్మను అడిగారు.

అంతవరకు మొగుణ్ణి కూతురి పేరుతో "షైనీ నాయినా" అని పిలిచేది. ఆ రోజు నుంచి "మేస్త్రీ" అంటోంది. అన్నం పెట్టింది. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది. ఆదివారం చర్చికి కలిసే వెళ్లింది. పిలుపు మాత్రం మార్చలేదు. కూలివాళ్లు పిలిచే పిలుపు ఇంట్లో పెళ్లాం నోట వినడం ఎంత దెబ్బో, రెండేళ్లుగా తింటున్న లాజరుకే తెలుసు.

హోటల్‌కు వస్తూ అమృతమ్మ పది జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూట కట్టుకుంది. కౌంటర్ దగ్గర సిర్గాపూర్ పిల్ల నర్మద చేతులు జోడించి "వెల్కమ్ మేడమ్" అంది.

అమృతమ్మ వెనక్కి తిరిగి చూసింది. లాజరు తప్ప ఎవరూ లేరు. "నన్నేనా? మేడమేందే, నోరు తిరుగుతలేదా? పెద్దమ్మా అను."

"గట్ల అంటె మా సార్ కోపం జేస్తడు పెద్దమ్మా" అని నర్మద మెల్లగా చెప్పి తాళం తీసుకుని ముందు నడిచింది.

గది పెద్దది. మంచం ఎత్తు. దాని ఎదురుగానే గోడ. కిటికీ వెలుతురు పడి, నిలువుగా నిలబెట్టిన నీళ్లలా మెరుస్తోంది. అమృతమ్మ దానికి వీపు పెట్టి మంచం మీద కూర్చుంది.

"గా దిక్కు చూడరాదు" అన్నాడు లాజరు.

"మంచం మంచిగుంది మేస్త్రీ."

"మంచం కాదు."

"కిటికీ గూడ మంచిగుంది. ఇన్ని మెత్తలు పెట్టిండ్రేంది? ఎంతమంది పండుకుంటరు ఈడ?"

ఇంకేం అడుగుతాడు? ఆ రోజంతా ఆమె కిటికీ వైపే కూర్చుంది. అక్కడే రొట్టె తింది. కింద పత్తి చేలు ఎవరివని అడిగింది, మేకలు లెక్కపెట్టింది. తెల్లారి జడ వేసుకోవడానికి కూడా సంచిలోంచి అరచేయంత అద్దం తీసి కిటికీకి ఆనించింది. వెనక ముఖం కనిపించే గోడ పెట్టుకుని. లాజరు ఆ అద్దం జారకుండా పట్టుకున్నాడు. తప్పు తనది. ఎదుటిమనిషి మొండితనాన్ని తప్పుపట్టే హక్కు లేదని వాడికి తెలుసు.

తొమ్మిదింటికి తలుపు కొట్టారు. నర్మద, ఆమె వెనక ఎలక్ట్రీషియన్ సంగమేశ్వర్. వాడి చేతిలో డ్రిల్లు, చంకలో టీవీ పెట్టె.

"అన్ని గదులల్ల టీవీలు పెట్టాలని సార్ చెప్పిండు" అంది నర్మద, కిందికి చూస్తూ.

"మిగిలిన గదులల్ల పైసలు కట్టినోళ్లు ఉన్నరు. గాళ్లు పండుకుంటే చప్పుడు చేయరాదంట" అన్నాడు సంగమేశ్వర్. వాడు అబద్ధమాడటం నేర్చుకోలేదు. డబ్బు కట్టనివాడి నిద్రకు విలువ లేదని ఇంత సూటిగా ఎవరు చెబుతారు?

లాజరు పక్కకు జరిగాడు. నలభై ఏళ్లు పరాయి గోడలు పూసినవాడు. పూత ఆరిన రోజే గోడ మనది కాకుండా పోతుందని వాడికి అలవాటు. "వాళ్ల గోడ, వాళ్ల ఇష్టం" అన్నాడు. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో దాచుకున్నాడు.

డ్రిల్లు గుర్రుమంది. తెల్లటి పొడి జలజలా రాలింది. ఆ చప్పుడుకు అమృతమ్మ వెనక్కి తిరిగింది.

గోడలో తాను కనిపించింది. వెనక కిటికీ, కిటికీలో పత్తి చేలు, ఓ పక్క చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డ మొగుడు. వాటన్నిటి మధ్యలో వేలు పట్టేంత బొక్క.

"ఓ తమ్మీ, ఆపు."

"ఒక్క నిమిషం పెద్దమ్మా. ఇంకా మూడు బొక్కలే. జల్దీ అయిపోతది."

"మూడా? నడుమల బొక్క గొట్టి ఇంకా మూడంటున్నవా? గీ గోడ ఇడిశిపెట్టలేక ఈయన మా నాయిన మట్టికి రాలె. ఎరికేనా నీకు? ఊరంత నా మొకం మీద ఉమ్మినంత పని జేసింది. ఇయ్యాల నువ్వొచ్చి బొమ్మలు చూసే డబ్బా తగిలిస్తవా?"

ఆమె కుర్చీ లాక్కొచ్చి బొక్క ముందర వేసింది. గోడకు వీపు ఆనించి కూర్చుంది. "ఇగ కొట్టు. ముందు నాకు గొట్టు."

సంగమేశ్వర్ డ్రిల్లు స్విచ్ తీసేశాడు. అలాంటి ధర్నాకు ఏ పోలీసు మాత్రం ఏం చేయగలడు?

"షైనీ నాయినా, గట్లనే నిలబడ్డవేంది? ఏమేం కలిపినవో చెప్పు గీళ్లకు."

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. లాజరు చంకల్లోంచి చేతులు తీసి చెప్పాడు. "గిది సిమెంటు కాదు తమ్మీ, బెల్లం నీళ్లు పోసి నూరిన సున్నం. నాలుగు బొక్కలు పడి బరువు మోస్తే ఆడికెల్లి పెచ్చులు లేస్తది. ఏడాదిల గోడంత పోతది."

నర్మద ఫోన్ తీసి యజమానికి చేసింది. "సార్, గోడ పగులుతదంట. మేస్త్రీ చెప్తుండు... లేదు సార్, పెచ్చులు లేస్తె మళ్ల అతికియ్యరాదంట... పెద్దమ్మ గోడకు అడ్డం కూసున్నది సార్... లేస్తలేదు." కాసేపు విని పెట్టేసింది. "బల్ల మీద పెట్టుమన్నడు."

"గా మాట ముందే అంటె ఏమైతుండె? టీవీకి బల్ల పనికి రాదా?" అంది అమృతమ్మ. అయినా కుర్చీ దిగలేదు. చెయ్యి వెనక్కి పెట్టి బొక్కను తడిమింది. తర్వాత లేచి పూర్తిగా తిరిగి, గోడను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అరచేత్తో రాస్తూ నడిచింది. గీత ఎక్కడా తగల్లేదు.

"రాయి తెచ్చినవా?" అంది.

లాజరు సంచిలోంచి తీశాడు. అరచేతిలో పట్టే నల్లటి రాయి. యోసేపుది. పదహారేళ్ల లాజరుకు సున్నం పని నేర్పి, పిల్లనిచ్చి, చేతులు వణకడం మొదలయ్యాక ఆ రాయి కూడా ఇచ్చింది ఆయనే.

హోటల్ వెనక డ్రమ్ములో నీళ్ల కింద నానబెట్టిన సున్నం ఇంకా ఉంది. నర్మద వంటింట్లోంచి రెండు గుడ్లు తెచ్చింది. పచ్చసొన వేరుచేసి గిన్నె పట్టుకుని అమృతమ్మ నిలబడింది. లాజరు బొక్కను తడిపి, నింపి, పైపూత వేసి రుద్దడం మొదలుపెట్టాడు.

"గా దినం నువ్వొస్తే మా నాయిన లేచి కూసుని నిన్నే తిట్టేటోడు, పని నడుమల ఇడిశిపెట్టి వచ్చినవని" అంది ఆమె.

లాజరు చెయ్యి ఆపకుండానే అడిగాడు. "గిది నీకు ఎప్పటికెల్లి ఎరికె?"

"గా దినమే ఎరికె."

"మరి?"

"మరేంది. అయినా నువ్వు రావాలె. తిట్లు తిననీకన్న రావాలె."

"రావాలె" అన్నాడు లాజరు. "తప్పే."

రెండేళ్లు ఆ ఒక్క మాట అనకుండా గోడ చూపిద్దామని తిరిగాడు, మొద్దు మనిషి. ఆమె గిన్నె ఇంకాస్త దగ్గరగా పట్టింది.

పదకొండయింది. తలుపు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం సూట్‌కేసులతో నిలబడ్డారు. నర్మద లోపలికి తల పెట్టి నసిగింది. "పెద్దమ్మా, గది ఖాళీ చేసే టైమయింది. వాళ్లు పరేషాన్ అయితుండ్రు."

అమృతమ్మ వెనక్కి తిరగలేదు. గోడలోంచే ఆ పిల్లను చూసి జవాబు చెప్పింది.

"చివరి పూత మీద చెయ్యి ఎత్తరాదు బిడ్డా. జర ఆగుమను. నాలుగు రొట్టెలు మిగిలినయ్, కారమేసి పెట్టు వాళ్లకు."