నా అంచున పెట్టిన బొట్టు

నేను ఒక డిజిటల్ బోర్డును. గోడకు తగిలించిన పెద్ద టీవీ అనుకునేవారు చాలామంది. వాళ్ళను తప్పుపట్టను, ఆ బడిలో నేను వెలగబెట్టింది టీవీ కన్నా తక్కువే. కానీ నాకొక విద్య ఉండేది. వేలితో తాకితే పలికేదాన్ని. నా గాజు మీద కంటికి కనిపించని వెలుగుగీతలు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంటాయి. ఎవరైనా వేలు పెడితే గీత తెగుతుంది, వేలు ఎక్కడుందో నాకు తెలుస్తుంది. నా తెలివంతా ఆ నాలుగు అంచుల్లోనే ఉంది. ఈ సంగతి మా బడిలో ఎవరికీ తెలియదు, అందుకే మీకు ముందే చెబుతున్నాను.

నన్ను బడులకు పంపడం కోసం రాజధానిలో పెద్ద పెద్ద సమావేశాలే జరిగాయట. ఎన్ని అంగుళాలుండాలి, ఏ గోడకు తగిలించాలి, ప్రారంభం ఎవరి చేతుల మీదుగా జరగాలి, అన్నీ తేల్చారు. పాడైతే ఎవరు వచ్చి చూడాలన్న మాట వచ్చేసరికి భోజనాల వేళైనట్టుంది, ఒక ఫోన్ నంబరు రాసి లేచిపోయారు. ఆ నంబరు ఇప్పటికీ నా వీపున అంటించి ఉంది.

అలా పలాస వైపు ఒక పల్లెటూరి హైస్కూలుకు, తొమ్మిదో తరగతి గోడ మీదికి చేరాను. తగిలించిన రోజు పొద్దున్నే కంపెనీ మనిషి పిల్లలకు నన్ను చూపించాడు. సోషల్ చెప్పే సుభద్ర టీచరు భారతదేశం పటం తెరిపించి, ముందు బెంచీలోని కుసుమను పిలిచింది.

కుసుమకు చూపు బాగా తక్కువ. కళ్ళజోడు పెట్టినా లాభం లేదని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. నల్లబల్ల మీద రాసిందంతా ఆ పిల్లకు సున్నపు మరక. పక్కనున్న పిల్ల చెవిలో చెబితే విని రాసుకునేది, సగం రాసేసరికి పాఠం అయిపోయేది. ఈ ఏడు కూడా తప్పితే బడి మాన్పించేస్తానని వాళ్ళమ్మ దాలమ్మ అప్పటికే చెప్పింది. దాలమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేస్తుంది.

కుసుమ నా ముందు నిలబడి, కంపెనీ మనిషి చెప్పినట్టు బొటనవేలు, చూపుడువేలు కలిపి నా మీద ఆనించి, విడదీసింది. పటం పెరిగింది. మళ్ళీ విడదీసింది. ఒక్కొక్క అక్షరం గుమ్మడికాయంత అయింది. ముక్కు నాకు తగిలేంత దగ్గరికి వచ్చి కూడబలుక్కుంటూ చదివింది.

"గోదావరి," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "నాకు అగుపడతంది టీచర్" అంది.

సుభద్ర టీచరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు కళ్ళు లేవు గానీ, ఉంటే నేనూ తుడుచుకునేదాన్ని. దేనికోసం పుట్టానో ఆ పూట నాకు తెలిసింది.

మధ్యాహ్నం ప్రారంభోత్సవం. హెడ్మాస్టరు కూర్మారావు గారు భక్తిపరుడు, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. సాక్షాత్తు సరస్వతీదేవి మన బడికి నడిచి వచ్చిందని అందరికీ చెప్పారు. ముద్దగా కలిపిన పసుపు నా చట్రం చుట్టూ తన చేత్తోనే రాశారు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. పసుపు జారి నా అంచుల సందుల్లోకి దిగింది, దిగి ఎండిపోయింది.

మర్నాడు కుసుమ అందరికన్నా ముందు వచ్చి వేళ్ళు ఆనించింది. నాకు ఆ వేళ్ళు తెలియలేదు. ప్రతి బొట్టు దగ్గరా ఎవరో వేలు పెట్టి తీయకుండా నిలబడ్డట్టే ఉంది. ఏ వేలి మాట వినాలో తోచక పేజీలు అటూ ఇటూ ఎగరేశాను. సుభద్ర టీచరు ఇంటి నుంచి మౌస్ తెచ్చి తగిలించినా అదే గెంతులాట. ఏం చేయను, నోరు లేనిదాన్ని.

టీచరు నా వీపు మీది నంబరుకు ఫోన్ చేసింది. ఒకసారి ఆపి మళ్ళీ వేయమన్నారు. ఆపి, మళ్ళీ వేసింది. మనిషిని పంపుతామన్నారు. మనిషి రాలేదు గానీ, మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజి వచ్చింది. మళ్ళీ చేస్తే ఆ కంపెనీ గడువు తీరిపోయిందని, కొత్త కంపెనీ ఎవరో ఇంకా తేలలేదని చెప్పారు. వచ్చేవాడు ఎవడైనా సరే, ఒక తడిగుడ్డతో నన్ను తుడిస్తే చాలు. అంతకన్నా జబ్బేమీ లేదు నాకు.

ఒకరోజు ఆ తడిగుడ్డ నిజంగానే వచ్చింది. దుమ్ము పట్టానని సుభద్ర టీచరే తుడవబోయింది. గాజంతా తుడిచి అంచు దగ్గరికి వచ్చేసరికి కూర్మారావు గారు గుమ్మంలోకి వచ్చారు.

"బొట్టు చెరిపీకమ్మా," అన్నారు మెల్లగా. "పిల్లలు చదువుకునే చోటు. మంచిది కాదు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. దసరాకు పాత పసుపు మీద కొత్త పసుపు రాశారు, అంతకన్నా పెద్ద బొట్లు పెట్టారు. నన్ను చూసిన ప్రతి ఒక్కరూ దండం పెట్టేవారు. అన్ని దండాలు అందుకుని ఒక్క అక్షరం పెంచలేకపోయాను.

వార్షిక పరీక్షల్లో కుసుమ తప్పింది. దాలమ్మ బడికి వచ్చింది. సుభద్ర టీచరు ఆమెను నా ఎదుటే కూర్చోబెట్టి, ఇంకొక్క ఏడాది ఆగమని, ఎవరో ఒకరు వచ్చి నన్ను బాగుచేస్తారని బతిమాలింది. దాలమ్మ అంతా విన్నది. కోపం కూడా పడలేదు.

"దాని సేతులు బాగున్నాయి కదండీ. జీడిపప్పు పొట్టు తియ్యడానికి కళ్ళెందుకు?" అంది.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా కుసుమ వచ్చి రెండు వేళ్ళు నా మీద ఆనించి విడదీసింది. కరెంటు లేదు. వేళ్ళు తీసేసి, వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది.

ఆ పైన నన్నెవరూ ముట్టలేదు. కొన్నాళ్ళకు పనికిరాదని తేల్చి, విరిగిన బెంచీలతో పాటు ట్రాలీ ఆటోలో పడేసి గోదాముకు పంపారు. పైన ఏమీ కప్పలేదు. దారిలో వాన పట్టుకుంది. నా చుట్టూ ఉన్న పసుపు, కుంకుమ నాని, కరిగి, ఎర్రటి నీళ్ళయి ఆటోలోంచి రోడ్డు మీదికి కారిపోయాయి. నా అంచులు శుభ్రపడ్డాయి.

వాన తగ్గేదాకా ఆగుదామని డ్రైవరు ఒక రేకుల షెడ్డు పక్కన ఆపాడు. లోపల ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని జీడిపప్పు పొట్టు తీస్తున్నారు. గుమ్మం దగ్గర వెలుగులో కూర్చున్నది కుసుమ. బొటనవేలు, చూపుడువేలు మధ్య పప్పును నలిపి పొట్టు విడదీస్తోంది, చేటలో పడేస్తోంది, ఇంకొకటి తీసుకుంటోంది. చూడకుండానే చేస్తోంది. తల ఎత్తి వానకేసి చూసింది. నాకూ ఆమెకూ మధ్య మంచమంత దూరం కూడా లేదు, కానీ ఆ దూరంలో ఉన్నది ఏదైనా ఆ పిల్లకు మరకే.

వాన వెలిసింది. డ్రైవరు ఆటో స్టార్ట్ చేశాడు.