తాళం ఎవరి దగ్గరుంది?

నాకు కోపం ఎక్కువ. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే దాని మీద అరుస్తాను. గుండీల వ్యాపారి తప్పు రంగు పంపిస్తే, ఫోన్లో మాత్రం "ఫరవాలేదు లెండి" అని, ఫోను పెట్టేశాక వాణ్ణి ఏడు తరాలు కలిపి కడిగేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. నా కత్తెరా నా కోపమూ రెండూ దుకాణం గడప దాటి బయటికి రావు. ఈ సంగతి ముందే ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, ఆ బుధవారం నేనేదో వీరుడిలా ప్రవర్తించానని కొందరు చెప్పుకుంటున్నారు. అలాంటిదేం లేదు.

కారు నేర్చుకోమన్నది మా ఆవిడే. వాళ్ళ తమ్ముడు కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా హారన్ కొట్టుకుంటూ మా వీధిలోంచే పోతున్నాడు. "వాడికొచ్చింది మీకెందుకు రాదండీ?" అంది. వాడికొచ్చింది నాకెందుకు రాదని నాకూ ఒళ్ళు మండింది. ఆ రోషంతో యాభయ్యో ఏట డ్రైవింగు స్కూల్లో చేరాను.

ఊరంతటికీ ఒకటే స్కూలు, ఒకటే కారు, ఒక్కరే మాస్టారు. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మా నలుగురి క్లాసు. ఒకరు నడుపుతుంటే ముగ్గురం వెనక సీట్లో ఇరుక్కుని వంతు కోసం కూర్చోవాలి. మాస్టారు ముందు, నడిపేవాళ్ళ పక్కన. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. చేతిలో అడుగు పొడవు చెక్క స్కేలు ఒకటి ఉంటుంది. అది కారుతో పాటు వచ్చింది కాదు, ఆయన సొంతం.

వెనక సీట్లో నాతో పాటు పళ్ళ డాక్టరమ్మ ఉండేది. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతోనే రోజంతా మాట్లాడే మనిషి కాబట్టి, ఎదుటివాళ్ళు జవాబు చెబితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఇంకొకాయన లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ముప్పై ఏళ్ళు అందర్నీ మాట్లాడొద్దని చెప్పి చెప్పి, తనే మాట్లాడటం మానేశాడు.

నాలుగో మనిషి చిన్నపిల్లల బడిలో ఆయా. బడి వ్యాను నడిపే ముసలాయన నెలాఖరుకి మానేస్తున్నాడు. ఈలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఆ ఉద్యోగం నీకేనని హెడ్మాస్టరమ్మ ఈమెకు మాటిచ్చింది. తేలేకపోతే బయటివాణ్ణి పెట్టుకుంటారు. పదకొండేళ్ళుగా పిల్లల ముక్కులు తుడుస్తూ గదులు ఊడుస్తున్న మనిషి. ఇద్దరాడపిల్లలు, పెద్దది పై చదువుకి వచ్చింది. ఆ నెలలో మిగిలిన టెస్టు ఒక్కటే, శుక్రవారం. దానికి స్కూలు కారే కావాలి, "ఈమెకు డ్రైవింగు వచ్చు" అని కాగితం మీద మాస్టారి సంతకమే కావాలి.

మాస్టారు నన్ను "టైలరుగారూ" అనేవాడు. డాక్టరమ్మని "మేడమ్" అనేవాడు. పెద్దాయన గేరు తప్పు వేస్తే "మెల్లిగా వస్తుంది లెండి" అనేవాడు. ఈమె గేరు తప్పు వేస్తే మాత్రం వేళ్ళ కణుపుల మీద స్కేలు టక్కున పడేది. మాట కూడా ఏకవచనమే. మేం సరదాకి నేర్చుకుంటున్నాం, ఈమె పొట్టకోసం నేర్చుకుంటోంది. ఎవరిని కొడితే తిరిగి మాట్లాడరో ఆయనకు మొదటి రోజే తెలిసిపోయింది.

ఆమె చెయ్యి ఒక్కసారి విదిలించుకుని మళ్ళీ గేరు మీద పెట్టేది. వెనక మేం ముగ్గురం కుక్కిన పేనులా కూర్చునేవాళ్ళం. నేను కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదివేవాణ్ణి. డాక్టరమ్మ ఫోన్లో తల దూర్చేది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచేవాడు. ఆ తుడవటానికి అద్దాలు అరగకపోవటం ఆశ్చర్యం.

పదో రోజు క్లాసు అయ్యాక టీ దుకాణం దగ్గర ముగ్గురం సమావేశమయ్యాం. ఇది అన్యాయమని తేల్చటానికి ఒక టీ పట్టింది. ఎవరో ఒకరు చెప్పాలని తేల్చటానికి రెండో టీ పట్టింది. ఆ ఎవరో ఒకరు ఎవరన్న దగ్గర బండి ఆగిపోయింది.

"ముగ్గురం ఒకేసారి చెబుదాం. అప్పుడు ఎవరు మొదలెట్టారో తెలియదు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దాయన జేబులోంచి కాగితం తీసి రాశాడు: "తమరు ఆమెపై చేయి చేసుకొనుట సమంజసముగా లేదని మనవి."

"ఇదంతా అనేలోపు ఇంకో రెండు పడతాయండీ" అంది డాక్టరమ్మ.

చివరికి "మాస్టారూ, కొట్టకండి" అన్న దగ్గర కుదిరాం. మధ్యలో కూర్చున్న నేను అటూ ఇటూ మోకాళ్ళతో పొడవాలి. అదే సైగ.

మర్నాడు స్కేలు పడింది. నేను పొడిచాను. ముగ్గురం నోళ్ళు తెరిచాం. తెరిచి, ఎవరు మొదలెడతారా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దాయన దగ్గాడు. డాక్టరమ్మ "కొంచెం అద్దం దించుకోవచ్చాండీ?" అంది. నేను మాత్రం "మాస్టారూ!" అని గట్టిగానే అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"టైమెంతయిందండీ?"

నా చేతికి గడియారం ఉంది. ఆయన దాన్నీ చూశాడు, నన్నూ చూశాడు. ఆ రోజు ఇంటికెళ్ళి ఇస్త్రీపెట్టె మీద అరిచిన అరుపు పక్కింటివాళ్ళకి కూడా వినపడింది.

బుధవారం మాస్టారు మమ్మల్ని ఆస్పత్రి వెనక ఎత్తు మీదికి తీసుకెళ్ళాడు. ఎక్కే దారి మధ్యలో కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. టెస్టులో తప్పకుండా అడిగేది అదే. ఆయా కదిలించబోయింది, ఇంజన్ ఆగిపోయింది. స్కేలు పడింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ పడింది. మూడోసారి కారు జానెడు జారింది. మాస్టారు బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, "దిగు" అన్నాడు.

"ఇంకొక్కసారి మాస్టారూ."

"దిగమన్నానా? నడిచి పో. నీ కాగితం మీద సంతకం పెట్టను, శుక్రవారం నువ్వు రావక్కర్లేదు. చీపురు పట్టుకునే చేతికి గేరెక్కడ పడుతుంది!"

ఆమె దిగింది. సంచి భుజాన వేసుకుని, రోడ్డు పక్కన నిలబడి, వేళ్ళు రుద్దుకుంటోంది. మా వైపు చూడలేదు.

"టైలరుగారూ, మీరు రండి."

వెళ్ళాను. సిగ్గు లేకుండా దిగి, ఆమె ముందునుంచే నడిచి, ఆ సీట్లో కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది.  ఒక మనిషి బతుకుతెరువు మీద కూర్చున్నాను నేను.

"ఊఁ, పోనివ్వండి" అన్నాడు మాస్టారు.

తాళం తిప్పుదామనే చెయ్యి పెట్టాను. ఒట్టు, నేను అనుకుని చెయ్యలేదు, తాళం చెవి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. నేనే లాగి ఉంటాను. ఇంకెవరు లాగుతారు?

"తాళం తీశారేంటి? ఇటివ్వండి" అని చెయ్యి చాపాడు.

 ఆయనకు ఇవ్వలేను, నా దగ్గర ఉంచుకోలేను. కాలుతున్న వస్తువులా ఉంది అది. వెనక్కి చెయ్యి పెట్టి డాక్టరమ్మ ఒళ్ళో పడేశాను. ఆమె కెవ్వుమని దాన్ని పెద్దాయన చేతిలో కుక్కింది. పెద్దాయన అటు చూశాడు, ఇటు చూశాడు. పక్కన తోసేయటానికి ఇంకెవరూ లేరు. కళ్ళజోడు పెట్టె తెరిచి, అందులో వేసి, టప్పున మూసి, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మేం చేసిందంతా చేతులు దులుపుకోవటమే. మాస్టారికి మాత్రం అది వేరేలా కనపడింది.

"ఏంటీ గూడుపుఠాణీ? ముగ్గురూ కూడబలుక్కుని వచ్చారా?" అని గుడ్లురిమాడు.

మేం కూడబలుక్కున్నది మొన్న, అది ఎలా ఏడ్చిందో మీకు తెలుసు. కానీ ఆ మాట వినేసరికి డాక్టరమ్మ వెన్ను నిటారుగా అయింది.

"అవునండీ. కూడబలుక్కునే వచ్చాం" అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. పెద్దాయన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆమె ఎక్కితేనే ఇస్తాం" అన్నాడు. అంత పొడుగు వాక్యం ఆయన నోట అంతకుముందు నేను వినలేదు.

ఈలోగా వెనక బళ్ళు ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి. కింద కూడలి నుంచి ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదుకుంటూ ఎక్కి వచ్చాడు. నా కిటికీలోకి వంగి, "ఏమయ్యా, రోడ్డేమన్నా నీ దుకాణమా?" అన్నాడు.

 ఈసారి మాట బయటపడింది. "ఈయన ఆమెను కొడుతున్నాడండీ. స్కేలుతో. మొదటి రోజు నుంచీ."

"నువ్వు చూశావా?"

"పన్నెండు రోజులుగా చూస్తున్నానండీ."

"పన్నెండు రోజులు చూస్తూ ఏం చేశావు?"

 దుకాణాల బోర్డులు చదివానని పోలీసుకి ఎలా చెబుతాం?

కానిస్టేబులు ఇంకొంచెం వంగాడు. పక్క సీట్లో మాస్టారు కనిపించాడు. అంతే, మనిషి బిగుసుకుపోయి, ఎడమచెయ్యి గబుక్కున వెనక్కి దాచుకున్నాడు. "న... నమస్కారం మాస్టారూ" అన్నాడు. పోలీసు ఉద్యోగం రాకముందు ఇతను కూడా ఈ కారులోనే నేర్చుకున్నాడట.

నాకు నీరసం వచ్చింది. పోలీసే చెయ్యి దాచుకుంటే దర్జీ ఎంత!

అప్పుడు ఆయా కారు దగ్గరికి వచ్చింది. మాస్టారి మీదికి కాదు, మా మీదికి. "ఇవాళే దొరికిందా మీ ముగ్గురికీ ధైర్యం? ఆ ఒక్క సంతకం కోసం పన్నెండు రోజులు నోరు మూసుకుని పడ్డాను. కాసేపయితే నేనే బతిమాలుకునేదాన్ని. ఇప్పుడు ఈయన పెడతాడా? రేపు మీరు మీ పనుల్లోకి పోతారు. నా ఉద్యోగం మీరిస్తారా?"

 ఆమె అన్నదాంట్లో అక్షరం అబద్ధం లేదు. ఇంతదూరం తెచ్చి వదిలేస్తే మేం మాస్టారికన్నా అన్యాయం చేసినవాళ్ళమవుతాం. నేను కారు దిగాను. 

"మాస్టారూ, ఆమెకు సంతకం లేకపోతే మాకూ వద్దు. శుక్రవారం మేమూ రాం. ఎందుకు రాలేదో ముగ్గురం కాగితం మీద రాసి టెస్టు పెట్టే ఆఫీసరుకిస్తాం" అన్నాను.

"నేను చక్కగా రాస్తాను" అన్నాడు పెద్దాయన లోపల్నుంచి. ఆ వెనకే ఆయనా, డాక్టరమ్మా కూడా దిగారు.

వెనక ఆగిన నీళ్ళ ట్యాంకరు డ్రైవరు మమ్మల్ని తిట్టటానికే దిగి వచ్చాడు. గుమ్మానికి అడ్డం పెడితే గాలి దూరనంత మనిషి. మాస్టారిని, ఆ స్కేలుని చూసి ఆగిపోయాడు. "అదే స్కేలాండీ? ఇంకా విరగలేదా?" అని తన వేలు ఎత్తి చూపించాడు. కణుపు దగ్గర వంకర. పాల వ్యాను డ్రైవరు వచ్చాడు. మందుల బండి నడిపే అమ్మాయి వచ్చింది. ఊళ్ళో బండి నడిపి బతికేవాళ్ళందరూ ఈ కారులోంచి వచ్చినవాళ్ళే కదా. తిట్టటానికి వచ్చిన ప్రతివాళ్ళూ వేళ్ళు తడుముకుంటూ మా పక్కన నిలబడ్డారు.

"నేను కొట్టకపోతే మీ మొహాలకి డ్రైవింగు వచ్చేదా?" అని అరిచాడు మాస్టారు.

"మీరు కొడితే రాలేదండీ" అన్నాడు ట్యాంకరు డ్రైవరు, చాలా మర్యాదగా. "మీరు టీ తాగటానికి దిగినప్పుడల్లా కాస్త కాస్త వచ్చింది."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో కానిస్టేబులుకి కూడా ఊపిరి వచ్చినట్టుంది. వెనక దాచుకున్న చెయ్యి ముందుకు తీసి, జేబులోంచి పెన్ను లాగాడు. "ఈమె ఫిర్యాదు రాసిస్తే నేను తీసుకోవాల్సి వస్తుంది మాస్టారూ. సంతకం పెడితే బాగుంటుంది" అని ఆ పెన్నే ఆయనకు అందించాడు.

మాస్టారు ఒక్కొక్క మొహాన్నీ చూశాడు. తల దించుకున్న మొహం కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. ఒక్కటీ దొరకలేదు. ఆయా సంచిలోంచి తీసిచ్చిన కాగితం ఒళ్ళో పెట్టుకుని సంతకం గీకాడు.

ఆమె ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. పోతుందనుకున్నాం. పోలేదు. స్టీరింగు ముందు కూర్చుని, "ఎత్తు మీద కదిలించటం నేర్పండి. శుక్రవారం అడుగుతారు" అంది.

పెద్దాయన తాళం ఇచ్చాడు. ఆమె చెయ్యి గేరు దగ్గరికి వెళ్ళి, ఎవరూ ఏమీ అనకుండానే టక్కున వెనక్కి వచ్చేసింది. స్కేలు అప్పటికి మందుల బండి అమ్మాయి చేతిలో ఉంది. అయినా వెనక్కి వచ్చింది. 

ఇంజన్ ఒకసారి ఆగింది. వెనక అన్ని బళ్ళుంటే ఒక్క హారన్ మోగలేదు. రెండోసారి ఆగేసరికి, చుట్టూ ఉన్న పదిహేనుమందీ మాస్టార్లయిపోయి క్లచ్ అనీ, బ్రేకనీ, మెల్లిగా అనీ ఒకటే గోల.

"అందరూ నోర్ముయ్యండి!" అని అరిచింది ఆమె.

మూశాం. మాస్టారు మాత్రం, ముందుకే చూస్తూ, "క్లచ్ సగం దగ్గర ఆపండమ్మా. వణుకు తెలిశాక బ్రేకు వదలండి" అన్నాడు. ఆపండి అన్నాడు. వదలండి అన్నాడు. కారు వణికి, నిలదొక్కుకుని, ఎత్తు ఎక్కి మలుపు తిరిగిపోయింది. మమ్మల్ని ఎక్కించుకోవాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ముగ్గురం నడుచుకుంటూ దిగాం.

శుక్రవారం ఆమె పాసయింది. డాక్టరమ్మా, పెద్దాయనా కూడా పాసయ్యారు. నేను స్తంభాన్ని గుద్దాను. మా బావమరిది ఇంకా హారన్ కొట్టుకుంటూనే పోతున్నాడు.

సాయంత్రం టెస్టు ఆఫీసు మెట్ల దగ్గర ఆయా నా కోసం ఆగింది. మెచ్చుకుంటుందని నాకు తెలుసు. "అబ్బే, నాదేముందమ్మా" అని చెప్పటానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

"అన్నయ్యా, ఆ తాళమేదో మొదటి రోజే లాగి ఉంటే సరిపోయేది కదా" అంది.

ఆ మాటలో కోపం ఏమాత్రం లేదు, ఉన్నా బాగుండేది. ఎన్ని సాకులున్నాయో అన్నీ నా నాలుక దాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"తప్పయిందమ్మా" అన్నాను. మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు, అంత గట్టిగా అన్నాను.