డోరు రబ్బరు

కొమురెల్లి బట్టలు ఫ్రిజ్‌లో ఉంటాయి.

నాచారం మెయిన్ రోడ్డు నుంచి గల్లీలోకి తిరిగితే కనబడే ఒంటి షట్టరు దుకాణం అతనిది. దాని వెనక గదిలోనే కాపురం. కాపురమంటే అతనొక్కడే. కంప్రెసరు చచ్చిపోయిన పాత ఫ్రిజ్‌లో పై అరన అంగీలు, కింది అరన లుంగీలు, గుడ్లు పెట్టుకునే గుంటల్లో బ్లేడు, సబ్బు, దువ్వెన. బియ్యం పోసుకునేది వాషింగ్ మెషీన్ డ్రమ్ములో. పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు లోపల లైటు వెలగదు. వెలగదని తెలిసినా అతని చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

పెళ్లాం రెండో ఏడాదే కాన్పులో పోయింది. మళ్లీ చేసుకోలేదు. జనగామ పక్క పల్లె వదిలి ఇటు వచ్చాక సొంత ఇంట్లో పొయ్యి సరిగా వెలగకపోయినా, నలుగురి వంటిళ్లలో మసులుతూ బతికాడు. చుట్టం ముందుగదిలో ఆగిపోతాడు గానీ ఫ్రిజ్ మెకానిక్ సరాసరి పొయ్యి దాకా పోతాడు. ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు రెండు పాల గిన్నెలున్నాయో, ఏ ఇంటాయన మందు సీసా కూరగాయల కింద దాస్తాడో అన్నీ ఎరుకే. ఎరుకేగానీ నోరు జారడు. పని అయ్యేలోపు చాయ్ వస్తుంది, చాయ్‌తో పాటు ముచ్చట వస్తుంది. ఆ ముచ్చటే అతని తిండి.

కొత్తవి కొనాలన్నా అతనే ముందుండాలి. మల్లవ్వ ఫ్రిజ్ అట్లా కొన్నదే. మల్లవ్వ రెండు గల్లీల అవతలుండే ముసలామె. కొడుకు దుర్గేష్ లేతు మిషను పని చేస్తాడు, కోడలు పద్మశ్రీ. ఆ రోజు అత్తాకోడళ్లు కొమురెల్లిని వెంటబెట్టుకుని ఉప్పల్ రింగురోడ్డు మీది షోరూముకు పోయారు.

"అవ్వా, ఇది ఫోన్‌తోని గూడ నడుస్తది," అన్నాడు సేల్స్‌మన్.

"నా కోడలే ఫోన్‌తోని నడుస్తున్నది. ఇంక ఫ్రిజ్ గూడెందుకయ్యా?" అంది మల్లవ్వ.

పద్మశ్రీ మూతి తిప్పుకుంది. మల్లవ్వ వేలి కణుపులతో ఒక్కో ఫ్రిజ్‌నీ కుండను కొట్టి చూసినట్టు కొట్టుకుంటూ పోయింది. కొమురెల్లి ఒక ఎర్ర సింగిల్ డోరు దగ్గర ఆగి, జేబులోంచి కాగితం ముక్క తీసి, సగం లోపల సగం బయట ఉండేట్టు పెట్టి తలుపు మూశాడు.

"గుంజు అవ్వా."

మల్లవ్వ గుంజింది. రాలేదు. రెండు చేతులా గుంజింది. రాలేదు.

"డోరు రబ్బరు గిట్ల పట్టాలె. కాయితం ఊడొచ్చిందనుకో, లోపటి సల్లదనం బయటికి పోతది, బయటి ఉడుకు లోపటికి వస్తది. ఇంక మోటరు రాత్రీ పగలూ మొత్తుకుంటనే ఉంటది."

"పట్టు బాగున్నది. గిదే ఇయ్యుండ్రి," అంది మల్లవ్వ.

ఆ ఎర్ర ఫ్రిజ్‌కు ఏ రోగమూ రాలేదు. వచ్చిందల్లా మల్లవ్వ జాలి. మధ్యాహ్నం కాగానే స్విచ్చి కట్టేసేది. మంచు కరిగి వంటింట్లో నీళ్లు నిలిస్తే పద్మశ్రీ కొమురెల్లికి ఫోన్ కొట్టేది.

"గొడ్డు లెక్క పొద్దుందాక కొట్టుకుంటనే ఉంటది బిడ్డా. జర అల్సట తీర్సుకోనియ్యి," అనేది మల్లవ్వ.

"అవ్వా, లోపల సల్లబడంగనే అదే ఠక్కుమని ఆగుతది. అదే దాని అల్సట."

"గట్లనా! గది ముందుగాల సెప్పద్దా."

చెప్పిన వారానికి మళ్లీ స్విచ్చి కట్టేసేది. "మా అత్తమ్మకు ఫ్రిజ్ మీదున్నంత పాయిరం నా మీద లేదన్నా," అని పద్మశ్రీ నవ్వుతూనే చాయ్ పెట్టేది. మల్లవ్వ తన పేరు చెక్కించుకున్న స్టీలు గ్లాసులోనే అతనికి పోయించేది.

అంతా బాగుండగా జోసఫ్ వచ్చాడు. కాప్రాలో ఉంటాడు. చనిపోయినవాళ్లను చుట్టాలు చేరేదాకా ఉంచే ఫ్రీజర్ పెట్టెలు కిరాయికి ఇస్తాడు. ఒక ఎండాకాలం, చావింట్లో జనం మధ్య పెట్టె ఆగిపోతే గుండె చేతపట్టుకుని కొమురెల్లి దుకాణానికి ఉరికి వచ్చాడు.

"బావా, నీ కాల్మొక్త. ఫ్రిజ్‌కు కంప్రెసరే, పెట్టెకు కంప్రెసరే. లోపట పాలుంటే ఏంది, పాణం లేని మనిషుంటే ఏంది?"

నిజమే కదా అనుకున్నాడు కొమురెల్లి. పోయి గ్యాసు నింపాడు. దుబాయి నుంచి ఇంకా దిగని కొడుకు కోసం ఆ పెట్టె మరునాటి దాకా చల్లగా నడిచింది. ఆ తర్వాత జోసఫ్ పెట్టెలన్నిటికీ అతనే వైద్యుడు.

కొంప మునిగింది మాత్రం పద్మశ్రీ వంటింట్లో. ఒకనాడు ఐసు గడ్డకట్టట్లేదని పిలిస్తే, కాప్రాలో పెట్టె పని ముగించుకుని నేరుగా అక్కడికే పోయాడు. చెయ్యి ఫ్రీజరులో పెట్టి చూస్తున్నాడు. పద్మశ్రీ అతని ముంజేతులకేసి చూసింది.

"ఏందన్నా, సేతులకు గులాలు? ఎవరి పెండ్లి ఊరేగింపుల ఎగిరొచ్చినవ్?"

అవునని నవ్వేస్తే సరిపోయేది. పల్లెటూరి నోరు. అడిగిన దానికి జవాబు చెప్పడమే దానికి తెలుసు.

"పెండ్లి కాదు చెల్లే. కాప్రల శవం పెట్టెకు గ్యాసు కొట్టొస్తున్న."

పద్మశ్రీ ముఖంలో నవ్వు అట్లాగే ఉండి రంగు మాత్రం మారింది. శవం మీద చల్లిన గులాలు రంగు అతని చేతి నుంచి పాల గిన్నె పక్కకు రాలి ఉంది. చావింటి నుంచి వచ్చినవాడు తానం చెయ్యకుండా గడప దాటడు. ఆ సంగతి కొమురెల్లికి తెలియదా? తెలుసు. కానీ పనికి పోయినవాడు చావుకు పోయినట్టు లెక్కేసుకోలేదు. ఆమె వేసుకుంది. చాయ్ రాలేదు. బయటికి రాగానే తలుపు మాత్రం వెనకే పడింది.

అప్పట్నుంచి మాట ఒక బస్తీ నుంచి ఇంకో బస్తీకి పాకింది. జనం చెడ్డవాళ్లేం కాదు. ఎదురుపడితే పలకరిస్తారు. ఫోన్ కూడా చేస్తారు.

"అన్నా, మెషీన్ల నీళ్లు బయటికి పోతలేవు, ఏం జెయ్యాలె?"

"నేనొచ్చి సూస్తనమ్మా."

"వద్దొద్దు! నువ్వు సెప్పు, మేం జేసుకుంటం."

అతని మాట కావాలి, అతని చెయ్యి వద్దు. మాట ఫోన్‌లోనే అయిపోతుంది. దానికి చాయ్ ఉండదు. పని మొత్తం జోసఫ్ పెట్టెలే అయింది. ఆ చావిళ్లలో అతన్ని ఎవరూ చూడరు, అతనూ ఎవరి ముఖమూ చూడడు. దుకాణానికి వచ్చి మాట్లాడేది మల్లవ్వ ఒక్కతే. కట్టె ఊతంగా వచ్చి షట్టరు దగ్గర స్టూలు మీద కూలబడేది.

"వాళ్లదొక పిచ్చి. రేపు నన్ను పెట్టేది గూడ నీ పెట్టెలనే గదా. మంచిగ సల్లగుంచు బిడ్డా, నేను ఎండకు ఓర్వ."

"అగో! అట్ల మాట్లాడకవ్వా."

"మాట్లాడకుంటె ఎండ తగ్గుతదా?"

చెప్పినట్టే నడి ఎండల్లో పోయింది మల్లవ్వ. భివండీ నుంచి కూతురు రావాలి కాబట్టి పెట్టె కావలసి వచ్చింది. జోసఫ్ కొమురెల్లినే తీసుకుపోయాడు. ఇంటి ముందు టెంటు కింద పెట్టె నడుస్తున్నంత సేపూ కొమురెల్లి పక్కనే కూర్చుని మీటరు చూశాడు. వోల్టేజీ పడిపోతుంటే స్టెబిలైజరు తెచ్చి తగిలించాడు. ఎవరూ చూడకుండా పెట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగానే ఉంది.

కూతురు వచ్చి ఏడ్చింది. డప్పులు మోగాయి. మగవాళ్లంతా పాడె వెంట పోయారు. ఆడవాళ్లు బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించి ఇల్లు కడిగారు, తానాలకు పోయారు. జోసఫ్ ట్రాలీ ఆటోలోకి పెట్టె ఎక్కిస్తున్నాడు. అప్పుడు వినిపించింది కొమురెల్లికి, లోపల ఎర్ర ఫ్రిజ్ మోటరు. పొద్దుట్నుంచి అది ఒక్కసారి కూడా ఆగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తడిసిన చీరతో పద్మశ్రీ నీళ్లు బయటికి చిమ్ముతోంది.

"చెల్లే, మీ ఫ్రిజ్ ఆగుతలేదు."

ఆమె చీపురు ఆపింది. అతన్ని చూసింది, గడపను చూసింది.

"ఆగక శాన రోజులాయె. రా అన్నా, లోపటికి రా. ఇంటికే సూతకమున్నది. ఇంక నువ్వొస్తె ఏమైతది?"

కొమురెల్లి చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆ వంటింటి గచ్చు పాదాలకు తెలిసిన గచ్చే. ఫ్రిజ్ తలుపు తీశాడు. రబ్బరు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి, అలలు తిరిగి ఉంది. తెల్లగా ఉండాల్సింది పసుపుపచ్చగా ఉంది. మడతల్లో పసుపు పొడి గడ్డకట్టి ఉంది.

మరుగుతున్న పసుపు నీళ్లు. తన చెయ్యి పడ్డ నాడే, ఫ్రిజ్‌కు తలంటు పోశారన్నమాట. ఆ వేడికే రబ్బరు వంకరపోయింది. ఆనాటి నుంచీ అది ఊపిరి తిప్పుకోకుండా కొట్టుకుంటూనే ఉంది.

వెనక పద్మశ్రీ నిలబడి ఉంది. అతను చూశాడని ఆమె చూసింది.

"ఎండకు పచ్చవడ్డట్టున్నది," అన్నాడు.

"ఆ... ఎండకే అన్నా," అంది.

ఆ వంటింటికి కిటికీ కూడా లేదు.

"కొత్త రబ్బరు తెప్పిస్త. అందాక తాడు కట్టి పెడుదాం."

సూతకం ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. కొమురెల్లి ముట్టాడు. రోజూ పొద్దున పోయి తాడు ఎంత బిగువుందో చూడటం, కూర్చోవడం. భివండీ కూతురు, పద్మశ్రీ ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ మల్లవ్వ సంగతులు చెప్పేవాళ్లు. ఒకరోజు పద్మశ్రీ మల్లవ్వ పేరున్న స్టీలు గ్లాసులోనే చాయ్ తెచ్చిచ్చింది. "నీకిందులనే పోసేది గదన్నా," అని ముఖం తిప్పుకుంది. కొమురెల్లి ఆ చాయ్ చల్లారిపోయేదాకా తాగాడు.

"రబ్బరొచ్చిందా అన్నా?"

"ఇంక రాలే చెల్లే. పాత మాడలు గదా."

వచ్చింది. రాణిగంజ్ దుకాణం వాడు మూడోనాడే ఫోన్ చేస్తే, పోయి తెచ్చుకున్నాడు. దుకాణంలో గోడ మేకుకు తగిలించాడు. నలుచదరంగా తెల్లగా, ఫొటో లేని పటంకట్టులా వేలాడుతూ ఉంది. పొద్దున లేవగానే దాన్ని చూసేవాడు. ఇది బిగించేస్తే రేపు ఏం పని చెప్పి ఆ ఇంటికి పోవాలి? ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ షట్టరు వేసి చేతులూపుకుంటూ పోయేవాడు. అబద్ధం తెలియని నోటికి ఆ ఒక్క అబద్ధం బాగా అలవాటైంది.

దినాలు అయ్యాయి. ఇంటికి సున్నం వేశారు. అయ్యగారు వచ్చి పుణ్యాహవాచనం చేసి గదిగదికీ నీళ్లు చల్లాడు. భోజనాలకు అందరినీ పిలిచినట్టే కొమురెల్లినీ పిలిచారు. టెంటు కింద బంతిలో కూర్చుని తిన్నాడు. తెల్లారి, ఇంక దాచడం బాగుండదని రబ్బరు మేకు నుంచి తీసి చంకన పెట్టుకుని పోయాడు.

"రబ్బరొచ్చింది చెల్లే."

పద్మశ్రీ గుమ్మంలో ఉంది. గడపకు పసుపు ఆ పూటే రాసినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. ఎదురింటామె నీళ్ల మోటరు వేసుకుని ఇటే చూస్తోంది.

"జర ఆగన్నా," అంది పద్మశ్రీ.

లోపల ఏవో గుసగుసలు, ఆ తర్వాత చక్రాల చప్పుడు. దుర్గేష్, ఆమె కలిసి స్టాండుతో సహా ఫ్రిజ్‌ను వరండాలోకి తోసుకొచ్చారు.

"లోపట చీకటున్నదన్నా. ఈడైతె నీకు ఎల్తురు మంచిగుంటది."

కొమురెల్లి ఆమె వైపు చూడలేదు. "అవు చెల్లే. ఈడనే మంచిగుంటది," అన్నాడు.

నిన్నటికి ముందే, సూతకం ఉన్నప్పుడే తెచ్చి ఉంటే ఆ వంటింట్లోనే, పొయ్యి పక్కనే కూర్చుని బిగించేవాడు. ఎవరిని అనగలడు? మేకు తనదే, తగిలించిన చెయ్యీ తనదే.

పాత రబ్బరు పీకాడు. గాడిలో పేరుకున్న పసుపును గుడ్డతో తుడిచాడు. కొత్తదాన్ని మూలమూలకూ అదిమి, హెయిర్ డ్రయ్యరు వేడి తగిలిస్తూ తలుపు చుట్టూ సర్దాడు. జేబులోంచి కాగితం ముక్క తీసి మధ్యలో పెట్టి మూశాడు.

"గుంజు."

పద్మశ్రీ గుంజింది. రాలేదు. రెండు చేతులా గుంజబోయి, ఎవరో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"గట్టిగ పట్టిందన్నా."

"ఇంక లోపటిది బయటికి రాదు, బయటిది లోపటికి పోదు," అన్నాడు కొమురెల్లి.

వాళ్లు ఫ్రిజ్‌ను లోపలికి తోసుకుపోయారు. కాసేపటికి పద్మశ్రీ చాయ్ తెచ్చింది. కాగితం గ్లాసు. వరండా మెట్టు మీద నిలబడే తాగి, గ్లాసును నలిపి, పాత రబ్బరుతో పాటు సంచిలో వేసుకున్నాడు. వెళ్తానన్నాడు. "మంచిది అన్నా," అంది ఆమె. మంచిగానే అంది. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

గేటు దాటాక కొమురెల్లి కదలలేదు. లోపల మోటరు నడుస్తోంది. ఎండ నడినెత్తికొచ్చింది. ఫోన్ మోగింది, జోసఫ్. ఎత్తలేదు. ఎదురింటామె రెండుసార్లు తొంగిచూసి లోపలికి పోయింది. అతను చెవి అటే వేసి గోడ నీడలో నిలబడ్డాడు.

చాలాసేపటికి, లోపల ఠక్కుమని ఒక చిన్న చప్పుడైంది. మోటరు ఆగింది. ఇల్లంతా సద్దుమణిగింది.

"జర అల్సట తీర్సుకోనియ్యి," అనుకున్నాడు కొమురెల్లి పైకే. వినేవాళ్లెవరూ లేరు. సంచి భుజాన వేసుకుని, ఫోన్ తీసి జోసఫ్ నంబరు నొక్కుతూ గల్లీ మలుపు తిరిగాడు.