కావడి భుజం మారిన మెట్టు

మా ఆయన వెంకటపతికి మోకాలు పట్టేసిందని మా ఊరు అత్తిమంజేరిపేట అంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి ఆడికృత్తిక పండక్కీ తిరుత్తణి కొండకు పువ్వుల కావడి మోస్తున్నాడు. ఈ ఏడూ మోస్తేనే మొక్కు తీరుతుంది. మెట్ల మీద ముందు ఆయన, వెనక నీళ్ల సీసాతో నేను. ఇన్నేళ్లలో కాస్త భుజం పట్టమని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. అడిగితే మీసం రాలిపోతుందేమో మరి.

ముందురోజు మా కూతురు మధుమిత ఫోన్ చేసింది. తిరువళ్ళూరులో బైబిలు మాటలకు తమిళ నిఘంటువు వేసే ఆఫీసులో ప్రూఫులు దిద్దుతుంది.

"నాయనా, ఈ పొద్దు ఒక హీబ్రూ మాట వచ్చింది. అనా అని. వంగిపోవడం అంట. కష్టాలతో కుంగినోడికీ, అణకువగా ఉండేటోడికీ ఆ వేరులోంచే మాటలొచ్చినాయంట."

"నాకు కష్టమూ లేదు, వంగేదీ లేదు," అన్నాడాయన, మోకాలికి తైలం రుద్దుకుంటూ.

"ఆ మాట మీ నాయన దాకా ఇంకా రాలేదులే పాపా," అన్నాను.

మర్నాడు సగం మెట్లెక్కేసరికి మోకాలు మొరాయించింది. దారిలో కావడి నేలకు దించకూడదని మా ఇంటి కట్టడి. దించితే ఇన్నేళ్ల మొక్కూ చెడినట్టే. వెనక జనం అరోహరా అంటూ తోసుకొస్తున్నారు. ఆయన మెట్ల పక్క కమ్మీకి ఆనుకుని నిలబడిపోయాడు. నేనిమ్మంటే ఇవ్వడని నోరు మూసుకున్నాను. నాకది కొండెక్కడం కన్నా కష్టం.

"మే చెంగా, రవ్వంత పట్టుకుంటావా?" అని ఆయనే నన్నడిగాడు.

"ఎవురు, నేనా?"

"ఇంకెవురుండారు ఈడ?"

సీసా ఆయనకిచ్చి కావడి ఎత్తుకున్నాను. భుజాన పడగానే నా నడుం నిటారైంది. జనం పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. పట్టరాని సంతోషమేసింది. ఆగకుండా ఎక్కేశాను. పైకి చేరాక దాహమేసి వెనక్కి చెయ్యి చాపితే అక్కడ ఆయన లేడు.

గబుక్కున వెనక్కి తిరిగాను. చూస్తే, సీసా చంకన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని, కింద ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు. కావడితో కిందికి పోలేను, దాన్ని దించనూ లేను. సిగ్గుతో అక్కడే నిలబడ్డాను.

ఆయన వచ్చి మూత తీసి సీసా నా నోటికి అందించాడు.

"కోపమొచ్చిందా అయ్యా? ఒక్కసారన్నా తిరిగి చూడకపోతిని."

"కోపమేంది మే. ఇరవై నాలుగేండ్లలో నేనెన్నిసార్లు తిరిగి చూసినాను?"

"ఒక్కసారీ చూళ్లేదు."

ఆయన తల వంచుకున్నాడు. "పాపకు ఫోన్ చేసి చెప్పు," అన్నాడు, "ఆ మాట నా దాకా వచ్చిందని."

"మన ఇద్దరి దాకా వచ్చిందని చెప్తాలే," అన్నాను.

కావడి బద్దకు చెరో కొసా పట్టుకుని గుళ్లోకి నడిచాం.